పొట్టి ఆప్షనే సరైనదా? ఏసీటీ, ఎస్‌ఏటీ ఇంగ్లీషులో వాక్యాలు దిద్దడం గురించి

వైట్‌ఫీల్డ్ అమ్మ | శనివారం, ఉదయం 10:15

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పదకొండో తరగతిలో ఉంది. పన్నెండు అయ్యాక అమెరికాలో చదవాలని తన కోరిక. అక్కడి కాలేజీల ప్రవేశ పరీక్షల్లో ఎస్‌ఏటీ రాయాలా, ఏసీటీ రాయాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు కానీ రెండింటికీ మాక్ టెస్టులు రాస్తోంది. లెక్కల గురించి బెంగ లేదు. చదివి అర్థం చేసుకునే ప్రశ్నలూ ఫరవాలేదు. మార్కులు పోయేదంతా వాక్యాలు దిద్దే ప్రశ్నల్లోనే. కామా ఎక్కడ, సెమీకోలన్ ఎక్కడ, ఏ మాట అదనం, ఏ వాక్యం తీసేయాలి, ఇవే.

కోచింగ్ సెంటరులో రెండు సూత్రాలు చెప్పారట. చదువుతుంటే ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ కామా. సందేహం వస్తే నాలుగు ఆప్షన్లలో పొట్టిదాన్ని ఎంచుకోవడం. వీటిని నమ్ముకుని రాస్తే ఒకసారి మంచి మార్కులు వస్తున్నాయి, మరోసారి ఘోరంగా పడిపోతున్నాయి. ఎందుకు తప్పయిందో తనకూ తెలియడం లేదు, నాకూ తెలియడం లేదు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషులోనే రాస్తాను కానీ కామా ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే జవాబు ఉండదు. బెంగళూరులో ఈ పరీక్షలు నేర్పేవాళ్ళూ రాసినవాళ్ళూ ఈ గుంపులో ఉన్నారు కదా, దయచేసి వివరంగా చెప్పండి.

పన్నెండో తరగతి | శనివారం, ఉదయం 10:52

ఆంటీ, నేను కిందటి సంవత్సరం ఎస్‌ఏటీ రాశాను. మన దేశంలో 2023 మార్చి నుంచి అది పూర్తిగా కంప్యూటర్ మీదే. చదవడం, రాయడం కలిపిన భాగంలో రెండు మాడ్యూళ్ళు ఉంటాయి. ఒక్కోదానిలో 27 ప్రశ్నలు, 32 నిమిషాలు. ప్రతి ప్రశ్నకూ ఒక చిన్న పేరా, 25 నుంచి 150 పదాల లోపు. వ్యాకరణ ప్రశ్న అయితే పేరాలో ఖాళీ ఉంటుంది, నాలుగింటిలో ఒకటి పెట్టి నింపాలి. 'మార్పు అవసరం లేదు' అనే ఆప్షన్ ఇప్పుడు లేదు. మాటల పొదుపు మీద విడిగా ప్రశ్న కూడా రాదు. అందుకని పొట్టి ఆప్షన్ సూత్రానికి ఎస్‌ఏటీలో ఇప్పుడు పనే లేదు. అది పాత పరీక్ష నాటి మాట.

ఇంకొకటి. మాడ్యూల్‌లో ప్రశ్నలు రకాలవారీగా వరుసగా వస్తాయి. పదాల అర్థాలు ముందు, వ్యాకరణం రెండో సగంలో. వ్యాకరణం మీద పట్టు ఉన్నవాళ్ళు నేరుగా అక్కడికి వెళ్ళి వాటిని ముగించి తర్వాత మొదటికి రావచ్చు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు కాబట్టి ఏ ప్రశ్ననూ వదలకూడదు.

మారతహళ్ళి మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 12:30

బాబు చెప్పింది నిజం. ఏసీటీ సంగతి వేరు. అక్కడ ఇప్పటికీ పొడవైన వ్యాసం, మధ్యమధ్య గీత గీసిన భాగాలు, పక్కన ప్రశ్నలు. 2025లో దాన్ని సవరించారు. అంతకుముందు 45 నిమిషాల్లో 75 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 36 సెకన్లు. కొత్త పద్ధతిలో 35 నిమిషాల్లో 50 ప్రశ్నలు, 42 సెకన్లు. పునరుక్తి, అనవసరమైన మాటలు, వ్యాసంతో సంబంధం లేని వాక్యం, ఇవన్నీ అక్కడ ఇంకా అడుగుతారు. కాబట్టి ఏ పరీక్ష అన్నది త్వరగా తేల్చుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. అమ్మా, ఊపిరికీ కామాకూ ముడిపెట్టడమే మన పిల్లల్ని ముంచుతోంది. ఊపిరి మనిషికొకచోట ఆగుతుంది. పైగా మన పిల్లల చెవికి తెలుగు లయ అలవాటు. ఆ లయ ప్రకారం కామా పెడితే ఇంగ్లీషు పరీక్షలో తప్పు అవుతుంది.

'లాల్‌బాగ్‌ను హైదర్ అలీ మొదలుపెట్టాడు, టిప్పు సుల్తాన్ పెంచాడు.' తెలుగులో ఈ వాక్యానికి వంక పెట్టేవారు లేరు. రెండు పూర్తి వాక్యాలను కామాతో కలిపి సాగిపోతాం. దినపత్రికలూ అలాగే రాస్తాయి. ఇదే కామాను ఇంగ్లీషులో ఉంచితే అది కామా స్ప్లైస్. ఆ రెండు పరీక్షల్లోనూ మళ్ళీ మళ్ళీ పట్టుకునే తప్పు ఇదే. అక్కడ ఫుల్‌స్టాప్ కావాలి, లేకపోతే సెమీకోలన్ కావాలి, లేకపోతే కామా తర్వాత 'అండ్', 'బట్', 'సో' లాంటి చిన్న మాట కావాలి. 'హవెవర్', 'దేర్‌ఫోర్' ఆ చిన్న మాటల వర్గంలోవి కావు. కామా పెట్టి 'హవెవర్' రాసి రెండో వాక్యం మొదలుపెడితే అది కూడా తప్పే. ఈ ఉచ్చులో పడని పిల్లవాణ్ణి నేను అరుదుగా చూశాను.

రెండోది ఇంతకంటే లోతైనది. తెలుగులో కర్త పొడుగ్గా ఉంటే దాని తర్వాత కామా పెడతాం. 'నిన్న రాత్రి అనంతపురం నుంచి వచ్చిన మా పెద్దనాన్న, ఉదయమే తిరిగి వెళ్ళారు.' ఇంగ్లీషులో కర్తకూ క్రియకూ మధ్య ఒంటరి కామా ఉండకూడదు. కర్త ఒక మాట అయినా ఇరవై మాటలైనా అంతే. కామాలు రెండు ఉండవచ్చు, మధ్యలో అదనపు సమాచారం ఉన్నప్పుడు. ఒకటి మాత్రం ఉండకూడదు.

అందుకని మా పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే: ఆప్షన్లు చూడకముందు వాక్యంలో కర్తనూ సమాపక క్రియనూ (వాక్యాన్ని పూర్తి చేసే క్రియను) వేలితో చూపించు. చూపించలేకపోతే ఇంకా జవాబు జోలికి వెళ్ళకు.

హెచ్‌ఎస్‌ఆర్ ఇంజినీరు | శనివారం, మధ్యాహ్నం 1:05

మాస్టారూ, 42 సెకన్లలో వేలితో చూపించే వ్యవధి ఉండదు. పరీక్ష పరీక్షే. మా తమ్ముడికి నేను నేర్పింది ఆప్షన్లను ఒకదానితో ఒకటి పోల్చడం. రెండు ఆప్షన్లలో మాటలన్నీ ఒకటే, ఒకదానిలో ఫుల్‌స్టాప్, రెండోదానిలో సెమీకోలన్ ఉంటే ఆ రెండూ తప్పే. ఎందుకంటే ఆ రెండు చిహ్నాలూ చేసే పని ఒకటే, జవాబు మాత్రం ఒకటే ఉండాలి. కామాతో 'అండ్' ఉన్న ఆప్షన్ కూడా ఆ జట్టులోకే వస్తుంది. ఇలా చూస్తే మూడు ఎగిరిపోయి ఒకటి మిగులుతుంది, వాక్యం పూర్తిగా చదవనవసరం కూడా లేదు.

మారతహళ్ళి మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 1:40

మీ పద్ధతి నిజమే, నేనూ నేర్పుతాను. కానీ దాన్ని మొదట నేర్పితే పిల్లలు అక్కడే ఆగిపోతారు. ఎస్‌ఏటీ మొదటి మాడ్యూల్ బాగా చేసినవారికి రెండో మాడ్యూల్ కష్టంగా వస్తుంది. అక్కడ నాలుగు ఆప్షన్లలో కామా, కోలన్, డాష్, ఏ చిహ్నమూ లేకపోవడం, ఇలా నాలుగూ వేర్వేరు పనులు చేసేవే ఉంటాయి. పోలిక అక్కడ పనికిరాదు. వాక్యం కట్టు తెలిసినవాడే నిలబడతాడు. కట్టు తెలిస్తే సమయం కూడా కలిసివస్తుంది. మొదట్లో నిదానంగా చూపించిన వేలు కొన్ని వారాలకు అవసరమే ఉండదు.

ప్రూఫు పాఠకురాలు | శనివారం, సాయంత్రం 6:20

విదేశీ ప్రచురణ సంస్థల పుస్తకాలకు ఎడిటింగ్ చేసే కార్యాలయాలు బెంగళూరులోనూ చెన్నైలోనూ చాలా ఉన్నాయి. అలాంటి ఒకచోట నా ఉద్యోగం. రోజంతా నా పని కామాలతోనే. మాస్టారు చెప్పనిది ఒకటి చేరుస్తాను.

తెలుగులో విశేషణం పేరుకు ముందే వచ్చి కూర్చుంటుంది. '1930లో నోబెల్ బహుమతి పొందిన సి.వి.రామన్' అంటాం, '1930లో నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త' అని కూడా అంటాం. రెండింటికీ రూపం ఒకటే, కామా ప్రసక్తే లేదు. ఇంగ్లీషులో ఈ రెండూ విడిపోతాయి. మొదటిదానిలో రామన్ ఎవరో పేరే చెబుతోంది, బహుమతి సంగతి అదనపు సమాచారం. కాబట్టి దానికి రెండు వైపులా కామాలు కావాలి. రెండోదానిలో ఆ సంగతి తీసేస్తే ఏ శాస్త్రవేత్తో తెలియదు. కాబట్టి కామాలు ఉండకూడదు. 'తీసేసినా ఎవరో తెలుస్తుందా?' ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు.

దీనికే ఇంకో రూపం ఉంది, ఎస్‌ఏటీకి మరీ ఇష్టమైనది. పేరుకు ముందు వృత్తి వస్తుంది: 'భౌతిక శాస్త్రవేత్త సి.వి.రామన్'. ఇంగ్లీషులో ఇలా ఆర్టికల్ ('ఎ', 'యాన్', 'ద') లేకుండా వృత్తి ముందు వస్తే దానికీ పేరుకూ మధ్య కామా ఉండదు, పేరు తర్వాత కూడా ఉండదు. పిల్లలు పేరు కనబడగానే రెండు వైపులా కామాలు పెట్టేస్తారు. ఆ అలవాటు ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు కానీ పెద్ద పెద్ద ఆచార్యుల రాతప్రతుల్లోనూ నేను రోజూ చూస్తాను.

డాష్ గురించి ఒక్క మాట. అదనపు సమాచారం డాష్‌తో మొదలైతే డాష్‌తోనే ముగియాలి, కామాతో మొదలైతే కామాతోనే. పేరాలో గీత గీయని భాగంలో ఆ జత చిహ్నం ఎక్కడో ఉంటుంది. కళ్ళు దాన్ని వెతకాలి.

బి.టి.ఎం. అభ్యర్థి | శనివారం, రాత్రి 9:10

నేను బ్యాంకు పరీక్షలకూ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్‌ఎస్‌సీకీ తయారవుతున్నాను, ఇక్కడే పీజీ హాస్టల్లో ఉంటున్నాను. దానిలో డిగ్రీ చదివినవాళ్ళు రాసే సీజీఎల్ మొదటి దశలో ఇంగ్లీషు 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. మొత్తం 100 ప్రశ్నలకూ కలిపి ఒక గంట. మాకూ వాక్య సవరణ ఉంది కానీ చాలావరకు విడి వాక్యాలే. 'నో సూనర్' వస్తే 'దాన్', 'హార్డ్లీ' వస్తే 'వెన్', ఇలా జతలు బట్టీ పడతాం. మీరు చెప్పే పద్ధతి మాకు పనికొస్తుందా? పొట్టి ఆప్షన్ సూత్రం మా సార్లూ చెబుతారు.

మారతహళ్ళి మాస్టారు | శనివారం, రాత్రి 9:45

పనికొస్తుంది నాయనా. కర్తకూ క్రియకూ పొత్తు కుదరడం, పోలిక సరిగ్గా ఉండడం, వరుసలో వచ్చే మాటలు ఒకే రూపంలో ఉండడం, ఇవి అన్ని పరీక్షలకూ ఒకటే. ఏసీటీలో అదనంగా ఉండేది సందర్భం. గీత గీసిన క్రియ ఏ కాలంలో ఉండాలో ఆ వాక్యం చెప్పదు, ముందు వాక్యం చెబుతుంది. 'దె' అన్న సర్వనామం ఎవరిని సూచిస్తుందో పై పేరాలో ఉంటుంది. అందుకే ఏసీటీ రాసేవారు గీత గీసిన చోటు మాత్రమే చదివి దూకకూడదు.

పొట్టి ఆప్షన్ సంగతి రేపు రాస్తాను. దాని మీద నాకు చెప్పవలసింది చాలా ఉంది.

తెలుగు పంతులమ్మ | ఆదివారం, ఉదయం 7:30

నేను కడప జిల్లాలో తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు బెల్లందూరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మీ చర్చ చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. సామాన్య వాక్యం, సంక్లిష్ట వాక్యం, సంయుక్త వాక్యం అని మేము తెలుగు తరగతిలో చెప్పేవి మీరు అడిగే విషయాలే. ఒకే సమాపక క్రియ ఉండి మిగతావి అసమాపకాలైతే సంక్లిష్టం. సమాన ప్రతిపత్తి గల వాక్యాలు కలిస్తే సంయుక్తం. ఇది తెలిసిన పిల్లకు కామా ఒక్కటి చాలదన్న సంగతి వెంటనే ఎక్కుతుంది. బెంగళూరులో పెరుగుతున్న పిల్లలు తెలుగు వ్యాకరణం చదవకపోవడం వల్ల ఇంగ్లీషులోనూ నష్టపోతున్నారని నా నమ్మకం.

ఇంకొక చోట మన భాష అలవాటు అడ్డు వస్తుంది. 'రాముడు అన్నం తిని బడికి వెళ్ళాడు' అన్నప్పుడు తినడానికీ వెళ్ళడానికీ కర్త ఒకరే. ఇది నియమం. కానీ 'వర్షాలు కురిసి పంటలు పండాయి' అంటే కర్తలు వేరైనా తెలుగు ఒప్పుకుంటుంది, కార్యకారణ సంబంధం ఉంది కాబట్టి. 'మెట్రో దిగి నడుస్తుంటే కబ్బన్ పార్కు కనిపించింది' అన్నా ఒప్పే. నడిచేది మనమని వినేవారికి తెలుసు. మా మనవడు ఇదే వాక్యాన్ని ఇంగ్లీషులో రాస్తే వాళ్ళ టీచరు ఎర్ర సిరాతో కొట్టేసింది. ఎందుకో వాడికి బోధపడలేదు. ఆమె చేసింది సరైనదేనా?

ప్రూఫు పాఠకురాలు | ఆదివారం, ఉదయం 8:15

అమ్మా నమస్కారం. సరైనదే. ఇంగ్లీషులో వాక్యం మొదట 'నడుస్తూ' అన్న పదబంధం వస్తే కామా తర్వాత వచ్చే మొదటి నామవాచకమే నడిచినట్టు లెక్క. మీ మనవడి వాక్యంలో పార్కే నడిచింది. 'నడుస్తూ మేము పార్కు చూశాం' అని కర్తను మార్చాలి. పరీక్షలో నాలుగు ఆప్షన్లూ పొడుగ్గా, అన్నీ చదవడానికి బాగున్నట్టు కనిపిస్తే ఇదే ప్రశ్న అని అనుమానించాలి. కామా తర్వాత ఎవరున్నారో చూస్తే క్షణంలో తేలుతుంది. మీరు చెప్పిన 'వర్షాలు కురిసి' ఉదాహరణ నేను ఇకముందు మా కొత్త ఉద్యోగులకు చెబుతాను. వాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళే.

తెలుగు పంతులమ్మ | ఆదివారం, ఉదయం 8:40

సంతోషం తల్లీ. మాట ఒకచోట, అది అన్వయించేది మరొకచోట ఉంటే మేము దూరాన్వయ దోషం అంటాం. చెప్పిందే చెబితే పునరుక్తి దోషం. మన పాత లాక్షణికులు ఇవన్నీ దోషాల పట్టికలో ఎప్పుడో చేర్చారు. పిల్లలకు ఇవి పరాయి నియమాలు కావని చెప్పండి.

మారతహళ్ళి మాస్టారు | ఆదివారం, ఉదయం 11:00

పంతులమ్మగారికి నమస్కారాలు. ఇక పొట్టి ఆప్షన్.

ఈ సూత్రం పుట్టడానికి కారణం ఉంది. ఏసీటీలో పునరుక్తి ప్రశ్నల్లో చాలావాటికి పొట్టిదే జవాబు. 'ప్రతి ఏడాదీ జరిగే వార్షిక' లాంటి మాటలు ఉన్నప్పుడు ఒకటి తీసేయాలి. మన ఆఫీసు ఇంగ్లీషులో 'రివర్ట్ బ్యాక్', 'రిటర్న్ బ్యాక్' అని రాసీ రాసీ మనకు అది తప్పుగా తోచదు. ఒక్క 'బికాజ్' సరిపోయే చోట 'డ్యూ టు ద ఫ్యాక్ట్ దట్' అంటాం. వీటి మీద కత్తిరింపు మంచిదే.

కానీ పొట్టి ఆప్షన్ వాక్యాన్ని విరిచేస్తే? సమాపక క్రియే పోతే? లేదా ఆ పొట్టి మాట 'ఇట్' అయి, ముందు రెండు వస్తువులు ఉండి, అది దేన్ని సూచిస్తుందో తెలియకపోతే? పోలిక ప్రశ్నలు మరీ ప్రమాదం. 'బెంగళూరు వాతావరణం చెన్నై కంటే చల్లన.' తెలుగులో నిండు వాక్యం. ఇంగ్లీషులో వాతావరణాన్ని ఊరితో పోల్చినట్టు అవుతుంది, 'చెన్నై వాతావరణం కంటే' అన్న అర్థం వచ్చే 'దట్ ఆఫ్' చేర్చాలి. జవాబు పొడుగైనది. ఆపైన ప్రశ్నలోనే 'ఏది ఎక్కువ నిర్దిష్టమైన వివరం ఇస్తుంది' అని అడిగితే పొట్టిది ఎలా సరిపోతుంది? ప్రశ్న చదవకుండా పొట్టిది పెట్టే పిల్లలు ఇక్కడ వరుసగా పోగొట్టుకుంటారు. మార్కులు ఒకసారి పెరగడానికీ ఒకసారి పడడానికీ కారణం ఇదే అని నా గట్టి అనుమానం.

సరైన ప్రశ్న 'ఏది పొట్టి?' కాదు. 'ఈ మాట తీసేస్తే పాఠకుడికి ఏం పోతుంది?' ఏమీ పోకపోతే తీసేయాలి. ఏదైనా పోతే ఉంచాలి.

హెచ్‌ఎస్‌ఆర్ ఇంజినీరు | ఆదివారం, ఉదయం 11:25

ఈ ఒక్క ప్రశ్న నాకు నచ్చింది. కానీ ఉదాహరణ మీద చూపించండి మాస్టారూ. సూత్రం వినడం వేరు, చేయడం వేరు.

మారతహళ్ళి మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 12:10

తెలుగులోనే ఒక పేరా ఇస్తున్నాను. తప్పులు కావాలనే పెట్టాను. ఇది ఇంగ్లీషు వ్యాసమనుకుని దిద్దండి.

'లాల్‌బాగ్ గాజుమందిరానికి 1889లో శంకుస్థాపన చేసి పునాదిరాయి వేశారు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ దానికి నమూనా. గాజుమందిరం వైశాల్యం క్రిస్టల్ ప్యాలెస్ కంటే తక్కువ, అది 1936లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. బెంగళూరులో ట్రాఫిక్ నానాటికీ పెరుగుతోంది. స్వాతంత్ర్య దినోత్సవానికీ గణతంత్ర దినోత్సవానికీ ప్రతి ఏడాదీ జరిగే వార్షిక పుష్ప ప్రదర్శనలు, ఈ మందిరంలో ఏర్పాటవుతాయి.'

పన్నెండో తరగతి | ఆదివారం, మధ్యాహ్నం 12:48

నేను ప్రయత్నిస్తాను. శంకుస్థాపన, పునాదిరాయి వేయడం రెండూ ఒకటే, ఒకటి తీసేయాలి. 'తక్కువ' తర్వాత కామా ఇంగ్లీషులో కామా స్ప్లైస్, అక్కడ ఫుల్‌స్టాప్. ట్రాఫిక్ వాక్యం మొత్తం తొలగించాలి. 'ప్రతి ఏడాదీ', 'వార్షిక' ఒకటి చాలు. 'ప్రదర్శనలు' తర్వాత కామా కర్తకూ క్రియకూ మధ్య పడింది, తీసేయాలి. 'స్వాతంత్ర్య దినోత్సవానికీ గణతంత్ర దినోత్సవానికీ' అన్నది కూడా తీసేశాను, వార్షికం అని ఉంది కదా, ఎప్పుడన్నది వ్యాసానికి అనవసరం.

బి.టి.ఎం. అభ్యర్థి | ఆదివారం, మధ్యాహ్నం 1:15

తమ్ముడు రెండు వదిలేశాడు. వైశాల్యాన్ని భవనంతో పోల్చారు, 'క్రిస్టల్ ప్యాలెస్ వైశాల్యం కంటే' అని ఉండాలి. ఇంకొకటి, 'అది కాలిపోయింది' అంటే ఏది? కాలిపోయింది క్రిస్టల్ ప్యాలెస్. తెలియనివారు చదివితే లాల్‌బాగ్‌లోదే కాలిపోయిందనుకుంటారు. 'అది' అన్న రెండక్షరాల బదులు పూర్తి పేరు రాయాలి. మాస్టారు చెప్పిన పొట్టి ఆప్షన్ ఉచ్చు ఇదే.

ప్రూఫు పాఠకురాలు | ఆదివారం, మధ్యాహ్నం 2:30

అభ్యర్థిగారు పట్టుకున్న రెండూ అసలైనవి. కానీ బాబూ, దినోత్సవాలను తీసేయడాన్ని నేను ఒప్పుకోను. ఆ మాటలు పోతే పాఠకుడు ఏడాదికి ఒక్క ప్రదర్శనే ఉందనుకుంటాడు. నిజానికి జనవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి. అంటే ఆ మాటలు సమాచారం మోస్తున్నాయి. తీసేయవలసింది 'ప్రతి ఏడాదీ జరిగే వార్షిక' అన్నది మొత్తం. ఆ దినోత్సవాలు ఏటా వచ్చేవే కాబట్టి అది వేరే చెప్పనవసరం లేదు.

ఈ పరీక్షల మీద నాకున్న బాధ కూడా ఇదే. మాటలు తగ్గించడమే మంచి రాత అని పిల్లలు నమ్మితే వాళ్ళు పెద్దయ్యాక రాసే ప్రతి పేరా ఎండిపోతుంది. రచయితలు ఒక మాటను నొక్కడానికి రెండుసార్లు వాడతారు. ఆ చోటును ముట్టుకోకుండా వదలడం నా వృత్తిలో సగం పని. పరీక్షలో ఆ రచయిత ఉండడు.

మారతహళ్ళి మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 3:05

దినోత్సవాల విషయంలో మీరే సరి. ఏసీటీ దీన్నే సూటిగా అడుగుతుంది: రచయిత ఈ మాటలు తీసేస్తే వ్యాసం ఏమి కోల్పోతుంది? ఆప్షన్లలో 'వ్యాసంలో ముందే చెప్పిన వివరం' అని ఒకటి, 'ప్రదర్శనలు ఎప్పుడు జరుగుతాయన్న సమాచారం' అని మరొకటి ఉంటాయి. పైన చదివినవారికే జవాబు దొరుకుతుంది.

మీ బాధతో మాత్రం పూర్తిగా ఏకీభవించలేను. నొక్కి చెప్పడానికి రెండుసార్లు రాయడం ముందు ఒకసారి సరిగ్గా రాయడం తెలిసినవారికి చెల్లుతుంది. మా దగ్గరకు వచ్చే పిల్లలు అమెరికా కాలేజీలకు పంపే వ్యాసాల్లో ఒకే సంగతిని మూడు వాక్యాల్లో చెప్పి, అసలు సంగతికి చోటు లేకుండా చేసుకుంటారు. వాళ్ళకు ఈ కత్తిరింపు అవసరం.

ప్రూఫు పాఠకురాలు | ఆదివారం, మధ్యాహ్నం 3:40

అవసరమే, కాదనను. పరీక్ష అయిపోయాక మంచి గద్యం చదివించండి అని మాత్రమే నా మనవి. కబ్బన్ పార్కులోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది, చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల దుకాణాలు ఉన్నాయి. మంచి వాక్యాలు చెవికి అలవాటైతే అప్పుడు ఆ చెవిని నమ్మవచ్చు.

వైట్‌ఫీల్డ్ అమ్మ | ఆదివారం, సాయంత్రం 5:20

మీ అందరికీ కృతజ్ఞతలు. మా అమ్మాయి ఇదంతా చదివి తన చివరి మాక్ టెస్టు మళ్ళీ తీసింది. పోయిన వాటిలో ఎక్కువ భాగం కర్త తర్వాత పెట్టిన కామాలు, వృత్తికీ పేరుకూ మధ్య పెట్టినవి. ఒక కోలన్ ప్రశ్న మాత్రం తేలలేదు. జాబితాకు ముందు కోలన్ పెట్టాలని బడిలో చెప్పారు, తను పెట్టింది, తప్పు అని వచ్చింది. ఎందుకు?

ఇంకొకటి, చర్చ్ స్ట్రీట్‌లో పాత ఎస్‌ఏటీ పుస్తకాలు చవకగా దొరుకుతున్నాయి. కొనవచ్చా?

పన్నెండో తరగతి | ఆదివారం, సాయంత్రం 5:45

పుస్తకాల గురించి నేను చెబుతాను ఆంటీ. 2016 నుంచి 2023 దాకా ఉన్న ఎస్‌ఏటీలో రాత భాగం వేరుగా ఉండేది, 35 నిమిషాల్లో 44 ప్రశ్నలు, పొడవైన వ్యాసాలు. ఆ పుస్తకాల్లో వ్యాకరణ పాఠాలు, కామా అభ్యాసాలు ఇప్పటికీ పనికొస్తాయి. పునరుక్తి ప్రశ్నలు ఏసీటీకి పనికొస్తాయి. సమయం లెక్క, మార్కుల లెక్క మాత్రం వాటిలో చూసుకోకూడదు. 2016కు ముందువి అయితే మొత్తం 2400 మార్కుల నాటివి, వద్దు. మాక్ టెస్టులకు ఈ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డు వారి బ్లూబుక్ యాప్‌లో ఉచితంగా ఉన్నవే మేలు. అసలు పరీక్ష కూడా ఆ యాప్‌లోనే రాయాలి కాబట్టి తెర అలవాటవుతుంది.

మారతహళ్ళి మాస్టారు | ఆదివారం, సాయంత్రం 6:30

కోలన్ ప్రశ్నకు. జాబితా ఉందా లేదా అన్నది కాదు చూడవలసింది. కోలన్‌కు ఎడమ వైపు ఉన్నది దానంతట అది పూర్తి వాక్యమా అన్నది చూడాలి. 'ఆమె మూడు ఊళ్ళు చూసింది' పూర్తి వాక్యం, దాని తర్వాత కోలన్ పెట్టి ఊళ్ళ పేర్లు రాయవచ్చు. 'ఆమె చూసిన ఊళ్ళు' అని ఇంగ్లీషులో 'ఆర్' క్రియతో ఆగిపోతే అది పూర్తి కాలేదు. అక్కడ కోలన్ పెట్టకూడదు, ఏ చిహ్నమూ పెట్టకూడదు. 'సచ్ యాజ్', 'ఇంక్లూడింగ్' తర్వాత కూడా అంతే. అమ్మాయి ప్రశ్నలో కోలన్‌కు ముందు ఈ రెండింటిలో ఏదో ఒకటి ఉండి ఉంటుంది, చూసి చెప్పండి.

వైట్‌ఫీల్డ్ అమ్మ | ఆదివారం, సాయంత్రం 6:50

'ఇంక్లూడింగ్' ఉంది మాస్టారూ. జాబితా కనబడగానే కోలన్ పెట్టేసిందట, దాని ముందున్న మాట చూడలేదు. మీరు తీరికగా ఉన్నప్పుడు అపాస్ట్రఫీ గురించి కూడా ఒక పేరా ఇవ్వండి, 'ఇట్స్' దగ్గర తడబడుతోంది. దానికి వేరే చర్చ మొదలుపెడతాను.